ఏలిక్కుట్టి తరఫువాళ్ళు

జనవరి 21

ముందు కొయ్యాలి కదా. రొమ్ములో గడ్డ ఉందన్నాక ఎవరికైనా ముందు ఆపరేషన్ చేస్తారు, తరవాత మందు ఎక్కిస్తారు. పక్కింటి కుంజన్నమ్మకు అలాగే చేశారు. నాకు మాత్రం ముందు మందట, తరవాత ఆపరేషనట, ఆ పైన మళ్ళీ మందట. గడ్డ పెద్దది, చంకలోకి కూడా పాకింది, మందుతో చిన్నది చేసి అప్పుడు కోస్తే శుభ్రంగా వస్తుందని డాక్టర్ చెప్పాడని మా ఆయన అచ్చాయన్ చెప్పాడు. డాక్టర్ నాకు చెప్పలేదు. "ఏలిక్కుట్టి తరఫువాళ్ళు రండి" అని నర్సు పిలిస్తే మా ఆయనా, ఆయన చెల్లెలూ లేచి లోపలికి వెళ్ళారు. రొమ్ము నాది. నేను బయట బల్లమీద కూచుని గోడకున్న మేరీమాత పటం చూస్తున్నాను.

ఆడబిడ్డ సిస్టర్ జసింత ఆ ఆసుపత్రిలోనే నర్సు. మఠంలో చేరి ముప్పై ఏళ్ళయింది. అప్పటినుంచి ఆ నవ్వు ముఖం మీదినుంచి దిగలేదు. బయటికి వచ్చి, "ఏం లేదు వదినా, అంతా మంచికే" అంది. ఏం లేకపోతే లోపల అంతసేపు ఏం చేశారు? అచ్చాయన్ నావైపు చూడకుండా పంచె మడత సరిచేసుకుంటున్నాడు.

కోయడానికి పనికిరాని వాళ్ళకే ముందు మందు ఇస్తారని నా అనుమానం. ఏదో చేస్తున్నట్టు కనిపించాలి కదా.

మందు ఎర్రగా రోజా షర్బత్‌లా ఉంది. ఎక్కిస్తున్నంతసేపూ జసింత నా కాళ్ళు పట్టింది. ఇరవై నాలుగేళ్ళ కిందట ఈవిడే నా చేపల పులుసు బాగాలేదని మఠందాకా వెళ్ళి చెప్పింది.

జనవరి 24

వాంతులు. మంచినీళ్ళు కూడా తుప్పు రుచి.

ఫిబ్రవరి 2

అచ్చాయన్ మారిపోయాడు. పొద్దున్నే రబ్బరు చెట్లు గీయడానికి వెళ్ళేముందు గంజి కాచి, ఫ్లాస్కులో పోసి, పక్కన మామిడికాయ ముక్క పెట్టి వెళుతున్నాడు. నా కాపురం మొత్తంలో తాగిన గ్లాసు తీసి లోపల పెట్టని మనిషి. నిన్న నా బట్టలు కూడా ఉతికాడు. ఆరేసేటప్పుడు రవికెను రెండు వేళ్ళతో పట్టుకుని, రోడ్డుమీద ఎవరైనా వస్తున్నారేమోనని చూసుకుంటున్నాడు.

నేను బడిలో లెక్కలు చెప్పినంతకాలం పదో తరగతి పరీక్షలకు కాపలా కాశాను. అటూ ఇటూ దిక్కులు చూసే పిల్లాడి దగ్గర ఏమీ ఉండదు. తల ఎత్తకుండా మరీ బుద్ధిగా రాసేవాడి చొక్కా మడతలోనే చీటీ దొరుకుతుంది. మా ఆయన ఇప్పుడు ఆ రెండో పిల్లాడిలా ఉన్నాడు.

అత్తగారు మంచం మీదినుంచి అన్నీ గమనిస్తోంది. అమ్మచ్చికి ఎనభై ఆరేళ్ళు. "వీడు గంజిలో ఉప్పెయ్యలేదే పిల్లా" అంది నాతో. "నిన్ను ఆ మందు చంపదు. నా కొడుకు గంజి చంపుతుంది."

ఇంట్లో ఉన్నది ఉన్నట్టు మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. ఆవిడకు మతిమరుపు అంటారు.

ఫిబ్రవరి 8

జుట్టంతా తలగడ మీదే ఉండిపోయింది. జసింత ఎక్కడినుంచో విగ్గు తెచ్చింది, ఎవరో దాతలు ఇచ్చారట. ఎవరి జుట్టో ఏమో. ఒత్తుగా, నల్లగా, నాకు పాతికేళ్ళప్పుడు ఉన్నట్టు ఉంది. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే ఆయన రెండో పెళ్ళాంలా కనిపించాను. తీసి బీరువా పైన పడేశాను.

మార్చి 10

పెద్ద నోము మొదలైంది. ఈస్టర్ దాకా ఇంట్లో మాంసం, చేప, గుడ్డు ఉండవు. నాకు మాత్రం రోజూ రెండు గుడ్లు. ఫాదర్ మనిషిని పంపి చెప్పించాడు, ఏలిక్కుట్టికి నోము లేదు, ఏది కావాలంటే అది తినమను అని. ఈ ఫాదరే పోయినేడు నోములో జ్వరమొచ్చి నేను చికెన్ సూప్ తాగానని తెలిసి ప్రసంగంలో నావైపు చూస్తూ మాట్లాడాడు. ఇప్పుడు ఇంత ఉదారం ఎందుకు? ఎవరో వెళ్ళి చెప్పి ఉంటారు, ఇంకెన్నాళ్ళు తింటుంది పాపం అని.

గుడ్లు తిన్నాను. ఆకలేసింది.

మార్చి 17

స్నానంలో తడిమి చూసుకున్నాను. మొదట్లో నిమ్మకాయంత ఉండేది. ఇప్పుడు చింతగింజంతే తగులుతోంది. కానీ మందువల్ల వేళ్ళకు తిమ్మిరి. తిమ్మిరెక్కిన వేళ్ళు చెప్పింది నమ్మలేను.

మార్చి 18

మళ్ళీ చూసుకున్నాను. చింతగింజే. లోపలికి జారి ఉంటుంది.

మార్చి 27

మంత్రకోడి చీర పెట్టెలో లేదు.

పెళ్ళినాడు పీఠం ముందు అచ్చాయన్ నా తలమీద కప్పిన చీర. మీగడ రంగు పట్టు, అంచుకు జరీ. ఏడాదికోసారి నీడన ఆరబెట్టి మళ్ళీ మడిచి పెడతాను. దానికి ఇక మిగిలింది ఒకటే పని, నన్ను శవపేటికలో పడుకోబెట్టాక మీద కప్పడం. ఆ పెట్టె తాళం ఎక్కడుంటుందో ఇంట్లో అందరికీ తెలుసు. నేను తీయలేదు. మరి ఎవరు తీశారు?

అడిగితే అచ్చాయన్ తెల్లబోయి, "నాకేం తెలుసే? నీ చీరలు నేనెప్పుడు ముట్టుకున్నాను?" అన్నాడు. మొన్నటిదాకా రవికెలు ఉతికిన మనిషి. జసింతకు ఫోన్ చేసి అడిగాను.

"ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటావు వదినా. మందువల్ల మతిమరుపు వస్తుంది."

"చీర ఇస్త్రీకి ఇచ్చారా సిస్టర్? ఎప్పటికి కావాలని చెప్పారు?"

"నేను జపమాల చెప్పుకుంటాను వదినా" అని పెట్టేసింది. దొరికిపోయినవాళ్ళు దేవుణ్ణే అడ్డం పెట్టుకుంటారు.

ఏప్రిల్ 18

ఈస్టర్ ముందటి పెద్ద గురువారం. వచ్చేవారం ఆపరేషన్.

మధ్యాహ్నం జసింత టిఫిను క్యారేజీలో ఈ రాత్రి ప్రార్థనలో పంచుకునే పెసహా అప్పం, బెల్లం పాలు పట్టుకుని వచ్చింది. మఠంలో చేశారట, నేను పొయ్యిదగ్గర నిలబడలేనని తెచ్చిందట. అప్పంమీద మట్టల ఆదివారం ఆకుతో చేసిన సిలువ కూడా పెట్టి ఉంది. ఈ రోజు ఎవరి అప్పం వాళ్ళింట్లోనే చేసుకోవాలి. ఆ ఏడాది చావు జరిగిన ఇంట్లోనే చెయ్యరు. అలాంటి ఇంటికే చుట్టాలు తెచ్చిస్తారు.

"ఈ ఇంట్లో ఎవరు పోయారు సిస్టర్?" అన్నాను.

ముప్పై ఏళ్ళ నవ్వు ఒక్కసారిగా దిగిపోయింది. "అయ్యో వదినా, మఠంలో ఉండి ఉండి ఇంటి పద్ధతే మరిచిపోయాను" అంది. మరిచిపోయిందట. ఈ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల.

అమ్మచ్చి మంచం దిగింది. "బియ్యప్పిండి ఎక్కడుందే? మినపప్పు నానబెట్టు. ఆ క్యారేజీ తీసుకెళ్ళి కోళ్ళకెయ్యి" అంది కూతురితో. ఆవిడ గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, ముక్కాలిపీటమీద కూచుని నాచేత పిండి కలిపించింది. వాసనకు రెండుసార్లు బయటికి పరిగెత్తి కక్కుకుని వచ్చాను. అయినా చేశాను. సాయంత్రం ప్రార్థన అయ్యాక అచ్చాయన్ అప్పం కోసి అందరికీ ఇచ్చాడు. నాకు మాత్రం పెద్ద ముక్క ఇచ్చాడు. ఎందుకు ఇవ్వాలి?

ఏప్రిల్ 29

ఎడమవైపు లేదు. కట్టు ఉంది, చంక కిందినుంచి ఒక గొట్టం ఉంది, దాని చివర డబ్బాలో ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. చెయ్యి భుజందాకా కూడా లేవదు.

మొత్తానికి కోశారు. అది మాత్రం ఒప్పుకోవాలి.

మే 6

ఇంటికి వచ్చాను. పరీక్షకు పంపిన ముక్క ఫలితం వచ్చిందట. అచ్చాయన్ వెళ్ళి తెలుసుకుని వచ్చాడు. "అంతా పోయిందే ఏలీ. శుభ్రంగా తీసేశారు. ఏమీ మిగల్లేదు" అన్నాడు. ఒకే మాట మూడురకాలుగా ఎందుకు చెప్పాలి?

మే 8

చీర దొరికింది. అమ్మచ్చి పరుపు దులపమని పనిమనిషికి చెప్తే, పరుపుకిందినుంచి పాత తువ్వాలులో చుట్టిన మంత్రకోడి బయటపడింది. నేను తీసుకోబోతే అమ్మచ్చి నా మణికట్టు పట్టుకుంది. అంత బలం ఎక్కడిదో.

"అది నాది" అంది.

"మీదెలా అవుతుంది అమ్మచ్చీ? మీ అబ్బాయి నాకు కప్పింది."

"నాది ఎలకలు కొట్టేశాయి. నాకు కప్పడానికి ఏముంది? నువ్వేమో నీది తయారుగా పెట్టుకుని కూచున్నావు, నన్ను దాటుకుని పోదామని. ఎనభై ఆరేళ్ళు వచ్చాయే నాకు. నేను పోయాక నీ వంతు. అప్పటిదాకా చీర ఇవ్వను."

మంచంమీద ఆవిడ పక్కనే కూలబడి నవ్వాను. కుట్లు లాగేసి కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. ఆవిడ నవ్వలేదు. "నీకెవ్వరూ ఏమీ చెప్పరు. నాకూ చెప్పరు. కానీ నా కొడుకు పొగ గదిలో కూచుని ఏడిస్తే నాకు వినిపిస్తుంది" అంది.

రబ్బరు షీట్లు ఆరబెట్టే గదిలో పొగకు ఎవరికైనా కళ్ళు మండుతాయి. ముసలావిడకు దేనికి ఏ చప్పుడో తెలియదు.

చీర ఆవిడ దగ్గరే ఉంచేశాను. తరవాత కూచుని ఆలోచిస్తే, అంత చక్కటి మాట ఆవిడకు సొంతంగా తట్టిందా, జసింత నేర్పి పెట్టిందా అని అనుమానం వచ్చింది.

మే 11

ఇరవయ్యో తేదీనుంచి మళ్ళీ మందట. వేరే మందు, ఇది ఎర్రగా ఉండదట. దీనికి గోళ్ళు నల్లబడతాయట, ఒళ్ళునొప్పులట.

"ఎందుకు?" అన్నాను.

"ముందు జాగ్రత్తకేనే."

"అంతా పోయిందన్నారుగా."

"పోయింది."

"పోయినదానికి మందేమిటి?"

అచ్చాయన్ జసింతవైపు చూశాడు. ఆవిడ, "డాక్టర్లు చెప్పినట్టు వినాలి వదినా" అంది.

"చూడండి, అంతా పోయిందన్నది నిజమైతే నాకు మందు అక్కర్లేదు. అది అబద్ధమైతే ముందు నిజం చెప్పండి. చెప్పేదాకా సూది నా ఒంటిమీద పడనివ్వను."

చెప్పమని బతిమాలాను కూడా, ఆ సంగతి ఇక్కడ రాసుకోవచ్చు. చెప్పలేదు. ఏమీ చెయ్యలేని స్థితికి వచ్చి ఉంటాను, ఊరికే నన్ను తృప్తి పరచడానికి మందు ఎక్కిస్తామంటున్నారు. అలాంటప్పుడు ఆ మిగిలిన రోజులు కక్కుకుంటూ ఎందుకు గడపాలి?

మందు వద్దు. ఇదే ఆఖరి మాట.

మే 14

ఫాదర్ వచ్చాడు. దేవుడి చిత్తం గురించి మాట్లాడాడు. కాఫీ ఇచ్చి పంపాను. మందు వద్దు.

మే 15

కుంజన్నమ్మ వచ్చింది. ఆవిడకూ ఆపరేషన్‌కు ముందూ తరవాతా మందు ఇచ్చారని చెప్పమని ఎవరో నేర్పి పంపారు. ఆవిడకు అబద్ధం సరిగా రాదు, మధ్యలో మరిచిపోయింది. మందు వద్దు.

మే 17

అచ్చాయన్ చెట్ల దగ్గరికి వెళ్ళాడు. ఫోన్ వరండాలో బల్లమీద మోగుతుంటే తీశాను. ఆసుపత్రినుంచి.

"ఏలిక్కుట్టి గారి ఇంటివాళ్ళేనా? సోమవారం మందు మొదలుపెట్టాలి, ఆవిడ ఒప్పుకోవడం లేదట. డాక్టరమ్మ ఒకసారి మాట్లాడతానన్నారు. పేషెంట్‌ను తీసుకురావద్దు. తరఫువాళ్ళు ఎవరో ఒకరు వస్తే చాలు."

"వస్తాం" అన్నాను.

"మీరు ఏమవుతారు?"

"చెల్లెల్ని."

ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. నాకు అక్క లేదు, చెల్లెలూ లేదు. ఫోన్ పెట్టాక ఆ కాల్ తీసేశాను. ఇన్నాళ్ళూ బయట కూచోబెట్టారు కదా, ఈసారి దొంగల్ని లోపలే పట్టుకుంటాను.

మే 18

కుంజన్నమ్మను చూసి వస్తానని చెప్పి బయలుదేరాను. బీరువామీది విగ్గు దులిపి పెట్టుకున్నాను. కనుబొమ్మలు పెన్సిలుతో గీసుకున్నాను, ఒకటి కాస్త పైకి పోయింది. ఎడమవైపు రవికెలో మెత్తటి గుడ్డ మడిచి పెట్టుకున్నాను. కోట్టయం బస్సులో కండక్టర్, "జరగండి చేచీ, లోపల ఖాళీ ఉంది" అన్నాడు. చాలా రోజులకు ఒకడు నన్ను మామూలుగా విసుక్కున్నాడు.

జసింత ధ్యానాలకు వెళ్ళిందని ముందే కనుక్కున్నాను. డాక్టరమ్మ కొత్తగా చేరింది, నన్నెప్పుడూ చూడలేదు. నా దగ్గర చదివిన పిల్లల వయసు ఉంటుంది. నర్సు బయటికి వచ్చి, "ఏలిక్కుట్టి తరఫువాళ్ళు" అని పిలిచింది. లేచి లోపలికి వెళ్ళాను. ఆ గదిలో కుర్చీలు మూడున్నాయి. నాకు ఒకటి వేసి ఉంటే సరిపోయేది ఇన్నాళ్ళూ.

"మీ అక్కకు ఏం చెప్పారు?" అంది డాక్టరమ్మ.

"అంతా పోయిందని చెప్పారు."

"అందుకే ఒప్పుకోవడం లేదు" అని నిట్టూర్చింది. తరవాత చెప్పింది, తొందరపడకుండా, నాకు అర్థమవుతోందా లేదా అని చూసుకుంటూ. గడ్డ మందుకు బాగా కరిగిందట. చాలా బాగా. రొమ్ములో దాదాపు ఏమీ మిగల్లేదట. కానీ చంకలోంచి తీసిన బిళ్ళల్లో నాలుగింట్లో ఇంకా బతికే ఉందట. కంటికి కనపడనిది ఇంకెక్కడైనా ఉండొచ్చు. దానికోసమే ఈ రెండో మందు, ఆ తరవాత కరెంటు పెట్టడం.

"వేయించుకోకపోతే?"

"ఏడాది, ఏడాదిన్నరలో తిరగబెడుతుంది. ఎముకల్లోకో, కాలేయంలోకో. అప్పుడు నేను చేయగలిగింది చాలా తక్కువ."

"వేయించుకుంటే బతుకుతుందా?"

"గ్యారంటీ ఇవ్వలేనమ్మా. కానీ అవకాశం చిన్నది కాదు. ఒంట్లో బలం ఉంది, మొదటి మందుకు బాగా లొంగింది. వదులుకోవాల్సిన కేసు కాదు ఇది."

వదులుకోవాల్సిన కేసు కాదు. నేను బల్ల అంచు పట్టుకున్నాను. ఇంత మాట నాకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదా? అబద్ధం చెప్పారు, అది పట్టుకున్నాను, అంతవరకు నేనే గెలిచాను. కానీ దాచింది నేననుకున్నది కాదు. నేను చచ్చిపోతానని దాచలేదు. నేను భయపడతానని దాచారు, అంతే. భయపడితే మాత్రం ఏమవుతుంది? నాలుగు నెలలుగా రోజూ భయపడుతూనే ఉన్నాను.

"మా అక్కకే చెప్పొచ్చు కదా ఇదంతా" అన్నాను.

"ఆవిడ కాస్త అనుమానం మనిషట. సిస్టర్ చెప్పారు. పైగా ఆవిడ భర్త మరీ మరీ చెప్పి వెళ్ళారు. ఫోన్ చేసినప్పుడల్లా, ఏ మాట మాట్లాడినా, ఆఖరున అదే: ఏలీకి మాత్రం చెప్పకండి. కాంపౌండర్‌కూ అదే చెప్పారట, లిఫ్టు నడిపే అతనికీ చెప్పారట." నవ్వింది. "మీరు నెమ్మదిగా నచ్చచెప్పండి. చెల్లెలు చెబితే వింటారు."

చూస్తానన్నాను. బయటికి వచ్చాక ఏలిక్కుట్టి అనే ఆ మనిషిమీద ఎంతో జాలివేసింది. ఆ బల్లమీద ఒక్కతీ కూచుని ఏమేం ఊహించుకుందో పాపం. అలా జాలిపడటం నాకు ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ కోపం మాత్రమే వచ్చింది.

మెట్లకింద ఒక కుళాయి ఉంది. లోపల డాక్టరుతో మాట్లాడి వచ్చినవాళ్ళంతా అక్కడ ఆగుతారని ఇవాళ తెలిసింది. నాకు ముందు ఒకాయన ముఖం కడుక్కుని, పంచె అంచుతో తుడుచుకుని, కాసేపు అలాగే నిలబడి, ముఖాన్ని సరిచేసుకుని వార్డువైపు వెళ్ళాడు. అచ్చాయన్ ఈ కుళాయి దగ్గర ఎన్నిసార్లు నిలబడ్డాడో. నా వంతు వచ్చాక నేనూ కడుక్కున్నాను. కనుబొమ్మలు పోయాయి.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. అచ్చాయన్ పెరట్లో రోలర్ తిప్పుతూ రబ్బరు షీట్లు వత్తుతున్నాడు. విగ్గు చూశాడు, బోడి కనుబొమ్మలు చూశాడు, ఏమీ అడగలేదు. అడిగితే నేనేదైనా పట్టుకుంటానని భయం. ఆయన్ను అంత భయపెట్టింది నేనే.

"సోమవారం మందు వేయించుకుంటాను" అన్నాను.

రోలర్ ఆగిపోయింది. "నిజంగానా? ఇంతలో ఏమైంది?"

"చంకలో బిళ్ళల్లో నాలుగింట్లో ఇంకా ఉంది కదా. అందుకు."

రబ్బరు పాలు అంటిన చేతులతో అలాగే నిలబడిపోయాడు. రంగుపోయిన ముఖంతో నా కళ్ళలోకే చూస్తున్నాడు. డాక్టర్లకు, చెల్లెలికి, ఫాదర్‌కు, లిఫ్టు అతనికి చెప్పి చెప్పి నోటికి అలవాటైపోయిన మాట, ఆలోచించకముందే బయటికి వచ్చేసింది.

"ఏలీకి మాత్రం చెప్పకండి" అన్నాడు.

అన్నాక ఆయనకు తెలిసింది, ఎవరితో అన్నాడో. నేను కుడిచెయ్యి చాపి ఆ పాల చేతులు రెండూ పట్టుకున్నాను.

"చెప్పనులెండి" అన్నాను.